ముగ్గురికి ఒక స్టూలు

ఆ ఫైలు ప్రభావ మదింపు విభాగానికి వచ్చినప్పుడు అందులో ఒకే ఒక కాగితం ఉంది. కాగితం మీద ఒకే ఒక వాక్యం ఉంది. "దుకాణాల్లో పనిచేసే ఉద్యోగులు, కొనేవారు లేని సమయంలో కూర్చోవడానికి వీలుగా, ప్రతి ముగ్గురికి ఒక ఆసనం చొప్పున యజమాని ఏర్పాటు చేయాలి." కార్మిక శాఖవాళ్లు రాసిన ఆ వాక్యం నిబంధనగా మారాలంటే, దానివల్ల దేశానికి ఎంత ఖర్చో, ఎంత లాభమో ముందు తేలాలి. తేల్చడం ఈ విభాగం పని. మార్గదర్శకాల ప్రకారం, తేల్చిన నివేదిక అరవై పేజీలకు తగ్గకూడదు.

విభాగం ఐదో అంతస్తులో, నడవా చివర, జెరాక్సు గది పక్కన ఉండేది. డైరెక్టరుగారికి ఒక అద్దాల గది, బయట నాలుగు బల్లలు, తలుపు సరిగా పడని ఒక బీరువా. కిటికీ పక్కనున్న బల్ల దశాంశానిది. అతని అసలు పేరు జీతాల బిల్లులో తప్ప ఎక్కడా వినపడేది కాదు. "క్యాంటీన్లో జనం ఉన్నారా?" అని అడిగితే "ఉన్నారు" అని ఊరుకోకుండా "బల్లకి మూడు పాయింట్ రెండు మంది" అని చెప్పే మనిషి కనుక ఆ పేరు స్థిరపడింది. అతను నొచ్చుకోలేదు. నలభై ఒకటో ఏడు నడుస్తున్న ఒంటరివాడు. లెక్క సరిగ్గా వేస్తే ప్రభుత్వం సరిగ్గా నడుస్తుందని నమ్మేవాడు. పద్దెనిమిదేళ్ల ఉద్యోగం తర్వాత కూడా నమ్ముతూనే ఉన్నాడు.

ఈ ఫైలు చూసి కొంచెం ఇబ్బంది పడ్డాడు. అతని అక్క బట్టల షాపులో పనిచేస్తోంది. దాచడం ఇష్టం లేక వెళ్లి డైరెక్టరుగారి చెవిన వేశాడు.

"అక్క ఉండటం తప్పేం కాదయ్యా," అన్నారాయన కళ్లజోడు తుడుచుకుంటూ. "నివేదికలో మాత్రం పెట్టకు."

ఖర్చు వైపు లెక్క తొందరగానే తేలింది, ఎందుకంటే ఖర్చుపెట్టాల్సినవాళ్లు ఊరుకోలేదు. షాపుల యజమానుల సంఘం ఒక కన్సల్టెంటును పెట్టుకుంది. ఆయన మెరిసే బూట్లతో, చంకలో లాప్‌టాప్‌తో వచ్చి, అద్దాల గదిలో గోడ మీద బొమ్మలు వేసి చూపించాడు. దేశంలో ఆరు లక్షల మంది షాపు ఉద్యోగులు. అంటే రెండు లక్షల స్టూళ్లు. స్టూలు ధర పెద్దదేం కాదు, దాన్ని ఆయన లెక్కలోకే తీసుకోలేదు. అసలు కథ స్టూలు ఆక్రమించే చోటులో ఉందన్నాడు. ఒక్కో స్టూలుకు అడుగున్నర. మొత్తం మూడు లక్షల చదరపు అడుగులు. అదీ ప్రధాన వీధుల్లో, గాజు తలుపుల వెనక, చల్లటి గాలిలో. దానికి అద్దె కట్టుకుంటూ పొండి.

"ఇంకో నష్టం ఉంది," అన్నాడు కన్సల్టెంటు, గొంతు తగ్గించి. "కూర్చున్న మనిషి లేవాలి కదండీ."

"లేవాలి," అన్నారు డైరెక్టరుగారు.

"లేవడానికి నాలుగు సెకన్లు. మేము స్టాప్‌వాచీతో కొలిచాం. రోజుకు ముప్ఫై సార్లు లేస్తే రెండు నిమిషాలు. ఆరు లక్షల మంది, మూడు వందల రోజులు. ఏడాదికి అరవై లక్షల పని గంటలు దేశం పోగొట్టుకుంటుంది."

దశాంశం కాగితం మీద గుణించి చూశాడు. అరవై లక్షలే వచ్చింది. లెక్కలో తప్పు లేదు. తప్పు ఉన్నది ఇంకెక్కడో అనిపించింది కానీ, అనిపించడానికి నివేదికలో అధ్యాయం లేదు.

ఇక లాభం వైపు. మనిషి కూర్చుంటే దేశానికి ఏం లాభం? వైద్యుల కాగితాలు కొన్ని దొరికాయి. కాళ్లలో నరాలు ఉబ్బడం, మడమ నొప్పులు, మోకాళ్లు. వాటికయ్యే వైద్యం ఖర్చు తగ్గుతుంది. అది సరే. కానీ అసలు కూర్చోవడంలో ఉన్న హాయికి ధర కట్టడం ఎలా? మార్గదర్శకాల నాలుగో అనుబంధంలో దానికీ దారి ఉంది. బజారులో దొరకని వస్తువుకు ధర తెలియాలంటే జనాన్నే అడగాలి, దాని కోసం ఎంత వదులుకుంటారు అని. వాళ్లు ఎంత చెబితే అంత విలువ.

నాలుగు వందల మందిని అడగాల్సిన ప్రశ్నలు తయారుచేసి, ముందుగా ఒకరి మీద పరీక్షించాలి కనుక, దశాంశం ఆ కాగితం పట్టుకుని సాయంత్రం అక్క ఇంటికి వెళ్లాడు. అతను ఉండేది ఆ ఇంటి కింది వాటాలోనే. రాత్రి భోజనం ఎలాగూ అక్కడే.

అక్క షాపు నుంచి వచ్చి అరగంటయింది. నేల మీద వెల్లకిలా పడుకుని, రెండు కాళ్లూ గోడకు ఆనించి పైకి పెట్టింది. రోజూ ఇంతే. పందొమ్మిదేళ్లుగా మూడు అంతస్తుల బట్టల షాపులో మూడో అంతస్తు ఆమెది. దుప్పట్లు, తలగడ గలీబులు, పరదాలు. అక్కడ ఒక మంచం ఉంటుంది. దాని మీద దుప్పటి పరిచి చూపించాలి, కొనేవాళ్లు వద్దంటే తీసి మడతపెట్టి ఇంకోటి పరచాలి. ఆ మంచం మీద ఉద్యోగులు కూర్చోకూడదని ఫ్లోర్ సూపర్‌వైజరు మొదటి రోజే చెబుతాడు. బావ సిటీ బస్సు డ్రైవరు. ఆయన కుర్చీకి అడ్డంగా వాలి, నడుం కింద వేడినీళ్ల సంచి పెట్టుకుని ఉన్నాడు.

"మీ అక్కకి నిలబడి నొప్పి, నాకు కూర్చుని నొప్పి," అన్నాడు బావ. "ఇద్దర్నీ కలిపి సగటు తీస్తే మేం ఆరోగ్యంగా ఉన్నట్టు. ఏం బామ్మర్దీ, మీ ఆఫీసులో అలాగే కదా తీస్తారు?"

దశాంశం నవ్వాడు. తర్వాత కాగితం తీసి, సర్వే చేసేవాళ్లు అడిగే గొంతుతో అడిగాడు. "అక్కా, రోజుకు ఒక గంట కూర్చునే అవకాశం వస్తుందనుకో. దానికోసం నీ నెల జీతంలో ఎంత వదులుకోవడానికి సిద్ధపడతావు?"

అక్క గోడ మీద కాళ్లు కదపలేదు. "ఏంటీ?"

"ఎంత వదులుకుంటావు అని."

"ఎందుకు వదులుకోవాలి? వచ్చేదాంట్లో సగం ఇంటద్దెకే."

"అంటే సున్నా అని రాసుకోనా?"

"రాసుకో."

"సున్నా అని రాస్తే నీకు కూర్చోవడం అక్కర్లేదని అర్థం వస్తుందక్కా."

అక్క అప్పుడు కాళ్లు దించి లేచి కూర్చుంది. "ఒరేయ్, నువ్వు పొద్దున పదింటి నుంచి ఐదింటి దాకా కూర్చునే ఉంటావు కదా. దానికి నెలకి ఎంత కడుతున్నావు?"

"నేను కట్టడం ఏంటి?"

"పోనీ, రేపు మీ డైరెక్టరు వచ్చి, నీ కుర్చీ తీసేస్తాం, ఎంత ఇస్తే ఒప్పుకుంటావు అని అడిగితే ఏం చెబుతావు?"

ఎంత ఇచ్చినా ఒప్పుకోనని దశాంశానికి వెంటనే తోచింది. అదే కుర్చీ. అదే కూర్చోవడం. ముందే నీదని అనుకుని అడిగితే ఒక ధర, నీది కాదని అనుకుని అడిగితే ఇంకో ధర. ఈ సంగతి పుస్తకాల్లో చదివినవాడే. అక్క ముందు నీళ్లు నమలాల్సి వస్తుందని మాత్రం అనుకోలేదు.

"అన్నం తిందాం రండి," అంది అక్క లేస్తూ. ఒక చేత్తో గోడ పట్టుకుని, మోకాలి మీద రెండో చెయ్యి ఊని లేచింది. ఆమెకు నాలుగు సెకన్లకంటే ఎక్కువే పట్టింది.

మర్నాడు అతను ప్రశ్నల కాగితం అడుగున మిగిలిన ఖాళీలో రెండో ప్రశ్న చేర్చాడు. "స్టూలు ఇప్పటికే మీదైతే, దాన్ని తీసేసుకోవడానికి మీకు ఎంత ఇవ్వాలి?" డైరెక్టరుగారు కళ్లజోడు నుదుటి మీదకు తోసుకుని చూశారు.

"అనుబంధంలో మొదటిదే ఉందిగా."

"కింద చోటు మిగిలిందండి. కాగితం వృథా కాకుండా..."

కాగితం ఆదా అనేసరికి ఆయన ఒప్పుకున్నారు.

సర్వే మూడు వారాలు జరిగింది. మొదటి ప్రశ్నకు నాలుగు వందల మందిలో రెండు వందల అరవై మంది సున్నా అన్నారు. మిగిలినవాళ్లు చెప్పింది టీ ఖర్చుకు కూడా చాలదు. రెండో ప్రశ్నకు మనిషికో పెద్ద అంకె వచ్చింది. నూట తొంభై మంది మాత్రం అంకె చెప్పకుండా "ఎంత ఇచ్చినా ఇవ్వం" అన్నారు. అది సంఖ్య కాదు కనుక కంప్యూటరు తీసుకోలేదు. నాలుగో అనుబంధం ప్రకారం మొదటి ప్రశ్నతోనే లెక్క కట్టారు. ఖర్చుల్లోంచి లాభాలు తీసేస్తే, ఉద్యోగులు కూర్చోవడం వల్ల దేశానికి ఏడాదికి నలభై ఒకటి పాయింట్ ఏడు కోట్ల నష్టం అని తేలింది. దశాంశం ఆ వాక్యం టైపు చేస్తూ కూర్చున్నాడు. అతని కుర్చీకి చేతులు కూడా ఉన్నాయి.

నివేదిక పైకి వెళ్లిన పది రోజులకు మంత్రిగారు ఏదో షోరూము ప్రారంభోత్సవానికి వెళ్లారు. రిబ్బను కత్తిరించాక లోపల వేదిక మీద కుర్చీలు వెయ్యడం మరిచారు. సన్మానాలు, ఉపన్యాసాలు కలిపి గంటా నలభై నిమిషాలు ఆయన నిలబడే ఉన్నారు. చివర్లో ఆయనకు నడుం పట్టేసింది. ఇద్దరు పట్టుకుని కారులో కూర్చోబెడుతుంటే పక్కనే చేతులు కట్టుకు నిలబడ్డ సేల్స్ అమ్మాయిల వరుస ఆయన కంటపడింది. "వీళ్లు రోజంతా ఇలాగేనా?" అని అడిగారట. అక్కడ విలేకరులు ఉన్నారు. మర్నాడు పేపర్లో మంత్రిగారి మంచి మనసు గురించి వచ్చింది.

పదకొండు గంటలకల్లా డైరెక్టరుగారు దశాంశాన్ని అద్దాల గదిలోకి పిలిచారు.

"ఫలితం మారాలి," అన్నారు. "పద్ధతి మారకూడదు."

"అదెలాగండీ?"

"మనం ఎన్నేళ్లకు లెక్క వేశాం?"

"అయిదేళ్లకండి."

"కాళ్లు అయిదేళ్లేనా ఉండేది? ముప్ఫై ఏళ్లకు లెక్క వెయ్యి. తగ్గింపు శాతం ఎంత పెట్టాం?"

"పది."

"మూడు పెట్టు. కాళ్లు దేశ సంపదయ్యా."

తగ్గింపు శాతం అంటే, రేపు వచ్చే లాభాన్ని ఇవాళ్టి లెక్కలో ఎంత తగ్గించి చూడాలనేది. పది శాతం పెట్టినప్పుడు ఇరవై ఏళ్ల తర్వాత తప్పబోయే వంద నొప్పులు ఇవాళ్టి పదిహేను నొప్పులతో సమానం. మూడుకు దించేసరికి అవే వంద నొప్పులు యాభై అయిదు అయ్యాయి. ముప్ఫై ఏళ్లు కలిపి చూస్తే, ఉద్యోగులు కూర్చోవడం వల్ల దేశానికి ఏడాదికి పన్నెండు పాయింట్ మూడు కోట్ల లాభం. ఒక్క మనిషిని కొత్తగా అడగలేదు, ఒక్క స్టూలు కదలలేదు.

ఆ వారంలోనే యజమానుల సంఘంవాళ్లు మంత్రిగారిని కలిశారు. సాయంత్రానికి డైరెక్టరుగారు మళ్లీ పిలిచారు. ఈసారి ముఖం కొంచెం వాడి ఉంది.

"లాభం మరీ ఎక్కువైందంటున్నారు. ఇంత లాభం ఉందంటే రేపు స్టూలు చాలదు, వీపుకి ఆనుడున్న కుర్చీ కావాలని అడుగుతారట. లాభం ఉండాలి, కానీ ఎవరికీ ఆశ పుట్టనంత ఉండాలి."

"ఎంతండీ?"

"నువ్వే చూడు. పాయింట్ నాలుగు బాగుంటుంది."

దశాంశం బల్ల దగ్గరకు వచ్చి శాతాన్ని కొంచెం కొంచెం పెంచుతూ లాభం పాయింట్ నాలుగు కోట్లకు దిగగానే ఆపాడు. అప్పుడు అతనికి వెనక బల్ల మీద గుమాస్తా పాత రేడియోలో స్టేషను తిప్పుతున్న చప్పుడు వినిపించింది. తను చేస్తున్నదీ అదే పని. పద్దెనిమిదేళ్లలో మొదటిసారి అతనికి తన పని చూసి సిగ్గేసింది.

ఆ సాయంత్రం అతను నివేదిక మొదటి పేజీలో ఒక వాక్యం చేర్చాడు. "ఈ సంఖ్య మేము అడిగిన ప్రశ్నను బట్టి వచ్చినది. ఆసనం ఉద్యోగిదే అనుకుని అడిగినచో లాభము దీనికి అనేక రెట్లు ఉండును. నూట తొంభై మంది దానికి ధర చెప్పుటకే నిరాకరించిరి." డైరెక్టరుగారు రెండుసార్లు చదివారు. తర్వాత పెన్సిలుతో ఆ వాక్యం చుట్టూ గీత గీసి, బాణం వేసి, యాభై తొమ్మిదో పేజీలో అడుగున చిన్న అక్షరాల్లోకి పంపించారు.

"కొట్టెయ్యలేదుగా," అన్నారు. "అందుకు సంతోషించు."

నిబంధన మీద జనాభిప్రాయం వినడానికి పురపాలక భవనంలో సభ పెట్టారు. పిలిచినవాళ్లకు ఎనభై కుర్చీలు వేశారు. సంఘంవాళ్లు ముందే వచ్చి డెబ్భై అయిదు కుర్చీల్లో సర్దుకున్నారు; మిగిలిన అయిదూ విలేకరులకు పోయాయి. షాపుల నుంచి అనుమతి తీసుకుని వచ్చిన అరవై మంది ఉద్యోగులు వెనక గోడ పొడవునా నిలబడ్డారు. వేదిక మీద డైరెక్టరుగారు, దశాంశం, కార్మిక శాఖ అధికారిణి. అక్క గోడ దగ్గర మూడో మనిషి. తమ్ముడి వైపు తెలియని మనిషిని చూసినట్టు చూసింది. ముందు రోజే చెప్పింది, "అక్కడ నువ్వెవరో నేనెవరో" అని.

కన్సల్టెంటు నలభై నిమిషాలు మాట్లాడాడు. నాలుగు సెకన్ల బొమ్మ కూడా వేశాడు. సంఘం పెద్ద లేచి, ఉద్యోగులు మా పిల్లల్లాంటివాళ్లు, పిల్లలు చురుగ్గా ఉండాలని కోరుకుంటాం కాని కూర్చోవాలని కోరుకోం అన్నాడు. డైరెక్టరుగారు గడియారం చూసుకున్నారు.

"వెనక నిలబడ్డవాళ్లు ఏదైనా చెప్పాలంటే క్లుప్తంగా చెప్పండి. ఆలస్యమైపోతోంది."

అక్క ముందుకొచ్చింది. మైకు ఎత్తు సరిచేసుకుంది.

"మాకు తొందర లేదు సార్. మేం నిలబడే ఉన్నాం."

ముందు వరుసలో ఎవరో దగ్గారు. అక్క దుప్పటి గురించి చెప్పింది. డబుల్ కాట్ దుప్పటి విప్పి పరిచి, మళ్లీ నాలుగు మూలలూ కలిపి మడత పెట్టడం ఎలాగో, పండగ రోజుల్లో కాదు, మామూలు రోజున అలా ఎనభై సార్లు ఎలా చేస్తుందో చెప్పింది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మూడో అంతస్తుకి ఒక్కరూ రారని, ఆ రెండు గంటలూ ఆరుగురు ఆడవాళ్లు పరిచిన మంచం చుట్టూ నిలబడి దాన్నే చూస్తూ ఉంటారని చెప్పింది. ఆ మాటకు కార్మిక శాఖ అధికారిణి తలవంచుకుని ఏదో రాసుకుంది.

"లేవడానికి నాలుగు సెకన్లు పడుతుందన్నారు," అంది అక్క కన్సల్టెంటు వైపు తిరిగి. "మీరు ఎవర్ని కొలిచారో తెలీదు సార్. నాకు ఇప్పుడు పది పడుతుంది. ఉద్యోగంలో చేరినప్పుడు రెండే పట్టేది."

ఆ తర్వాత గోడ దగ్గరున్న అరవై మందీ ఒక్కొక్కరే వచ్చి మాట్లాడారు. చెప్పులు, మందులు, గాజు సామాన్లు, మొబైల్ ఫోన్లు. ఎవరూ తొందరపడలేదు. రెండో గంటకు కుర్చీల్లో ఉన్నవాళ్లు అటు ఇటు కదలడం మొదలుపెట్టారు. మూడో గంటకు సంఘం పెద్ద నడుం పట్టుకుని బయటికి నడిచాడు. సభ ముగిసేసరికి గోడ దగ్గరివాళ్లు అరవై మందీ ఉన్నారు, కుర్చీల్లోవాళ్లు పందొమ్మిది మంది మిగిలారు.

సభలో ఎవరేమన్నా నివేదికలో అంకె మారలేదు. "ప్రజల నుంచి విస్తృత స్పందన లభించినది" అని ఒక వాక్యం పెరిగింది. పాయింట్ నాలుగు కోట్ల లాభంతో నివేదిక చట్టసభ కమిటీ ముందుకు వెళ్లింది. అంత స్వల్ప లాభానికి ఇంత హడావుడి ఎందుకు, వాయిదా వేద్దామని కమిటీలో చాలామంది అనుకుంటున్నారని ముందే వార్త వచ్చింది.

ఆ కమిటీలో ఒక ముసలి సభ్యుడున్నాడు. ఆరుసార్లు గెలిచినవాడు. ఏ నివేదికైనా చివరి పేజీ నుంచి వెనక్కి చదవడం ఆయన అలవాటు. చెప్పదలుచుకోనిది అధికారులు అక్కడే పెడతారని ఆయన అనుభవం. ఆ రోజు డైరెక్టరుగారి పక్కన, ఏదైనా అంకె కావాల్సి వస్తుందేమోనని దశాంశం కూడా కూర్చున్నాడు.

"యాభై తొమ్మిదో పేజీ," అన్నాడు ముసలాయన. "ఇది రాసింది ఎవరు?"

డైరెక్టరుగారు పక్కకు చూశారు. దశాంశం లేచాడు.

"నేనేనండి."

"నాలాంటివాడికి అర్థమయ్యేలా చెప్పు నాయనా. రెండు ప్రశ్నలకి తేడా ఏంటి?"

"మొదటిది, స్టూలు వాళ్లది కాదు, కావాలంటే కొనుక్కోమని అడగడం అండి. వాళ్ల దగ్గర డబ్బు లేదు కాబట్టి ధర చెప్పలేరు. రెండోది, స్టూలు వాళ్లదే, అమ్ముతారా అని అడగడం. అప్పుడు అమ్మం అన్నారు."

"నువ్వు ఏ ప్రశ్న సరైందంటావు?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం తన పని కాదని దశాంశానికి తెలుసు. విలువ ఎంతో చెప్పాలి కాని ఏది ఎవరిదో చెప్పకూడదు. డైరెక్టరుగారు బల్ల కింద నుంచి అతని బూటు తొక్కారు.

"రెండోదండి," అన్నాడు. "మనుషులకి కాళ్లు ముందు నుంచీ ఉన్నాయి. షాపులు తర్వాత వచ్చాయి."

ముసలాయన కుర్చీలో వెనక్కి వాలి చుట్టూ చూశాడు. "నా విషయం చెబుతాను. నేను కూర్చున్న ఈ కుర్చీ ఖాళీ చెయ్యడానికి ఎంత కావాలని ఎవరైనా అడిగితే, నేనూ ఆ నూట తొంభై మందిలోనే చేరతాను. ఈ గదిలో మొదటి ప్రశ్నకి సున్నా చెప్పి లేచి వెళ్లిపోయేవాళ్లు ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి."

అందరూ నవ్వారు. ఎవరూ చెయ్యెత్తలేదు. నవ్విన తర్వాత వాయిదా అనడానికి ఎవరికీ నోరు రాలేదు. నిబంధన ఆ రోజే ఆమోదం పొందింది. వసారాలో డైరెక్టరుగారు, "నీ బూటు మీద మట్టి ఉంది, తుడుచుకో," అని మాత్రం అని వెళ్లిపోయారు. దశాంశం మెట్ల మీద కాసేపు ఆగాడు. తనకున్నది భయమో సంతోషమో తేల్చుకోలేక, తేల్చుకునే ప్రయత్నం మానేసి నడిచాడు.

రెండు నెలలకు అక్క షాపుకి స్టూళ్లు వచ్చాయి. మూడో అంతస్తుకి రెండు. ఎర్ర ప్లాస్టిక్‌వి, మోకాలి కంటే తక్కువ ఎత్తు. యజమాని వాటిని మంచం వెనక, పరదాల కట్టల మధ్య పెట్టించాడు. వాటితోపాటు ఒక రిజిస్టరు కూడా వచ్చింది. అట్ట మీద "ఆసన వినియోగ పట్టిక" అని ఉంది. ఎవరు, ఏ సమయానికి కూర్చున్నారు, ఏ సమయానికి లేచారు, సంతకం. ఆ రిజిస్టరు కింది అంతస్తులో, క్యాష్ కౌంటరు దగ్గర ఉంటుంది. మూడో అంతస్తులో కూర్చోవాలంటే మెట్లు దిగి సంతకం పెట్టి మళ్లీ మెట్లెక్కాలి. లేచాక మళ్లీ దిగి సంతకం పెట్టాలి. లిఫ్టు ఉన్నది కొనేవాళ్లకే.

రాత్రి భోజనాల దగ్గర అక్క ఇది చెబుతుంటే బావ ముద్ద నోట్లో పెట్టుకోవడం మరిచి నవ్వాడు. "ఇంత తెలివి ఎవరికొచ్చిందో కనుక్కో బామ్మర్దీ. వాడికి దండం పెట్టాలి."

దశాంశం కంచంలోకి చూస్తున్నాడు.

"నాకే," అన్నాడు. "ఏడాది తర్వాత ఫలితం ఎలా ఉందో చూడాలి కదా, సమాచారం కావాలని నలభై ఆరో పేజీలో రాశాను. కూర్చున్న సమయం నమోదు చెయ్యాలని. అది ఇలా అవుతుందనుకోలేదు."

అక్క తిట్టలేదు. ఇంకొంచెం అన్నం వడ్డించింది. అతనికి తిడితేనే బాగుండేదనిపించింది. మర్నాడు ఆఫీసుకు వెళ్లి, ఆ పేజీ సవరించాలని డైరెక్టరుగారికి కాగితం పెట్టాడు. సవరణ చేయాలంటే దాని ఖర్చూ లాభమూ మదింపు చెయ్యాలని కాగితం తిరిగొచ్చింది. మదింపు మొదలుపెట్టాడు.

మొదటి వారం ఎవరూ స్టూళ్ల జోలికి పోలేదు. సూపర్‌వైజరు వాటి పక్కనే తచ్చాడుతూ ఉండేవాడు. రెండో వారం ఒక మధ్యాహ్నం అక్క కిందికి దిగి, క్యాష్ కౌంటరు మీదున్న రిజిస్టరు తీసుకుని చంకన పెట్టుకుని పైకి వచ్చింది. కౌంటరు దగ్గరివాడు ఎక్కడికని అడిగితే "సంతకానికి" అంది. పైకి వచ్చి చూస్తే స్టూలు మరీ కిందికుంది. కూర్చుంటే ఆమె మోకాళ్లు ఒప్పుకోవు. రిజిస్టరు మూడు వందల పేజీలది, గట్టి అట్టది. దాన్ని స్టూలు మీద వేసి, పైన పాత తలగడ గలీబు పరిచి, కూర్చుంది. ఎత్తు సరిపోయింది.

సూపర్‌వైజరు వచ్చి రిజిస్టరులో రాశారా అని అడిగాడు.

"రిజిస్టరు మీదే ఉన్నాను సార్," అంది.

అతను మిగిలిన అయిదుగురి మొహాలూ చూసి, వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. మరునాడు రెండో స్టూలు మీద ఇంకొకామె కూర్చుంది. నెల తిరిగేసరికి వంతులు కూడా ఏర్పడ్డాయి. మధ్యాహ్నాల్లో వాళ్లకు తొందర ఏమీ లేదు. కొనేవాళ్లు వచ్చినప్పుడు లేచేవాళ్లు. ఎంతసేపట్లో లేచారో ఎవరూ కొలవలేదు.

తనిఖీ అధికారి వచ్చింది ఎండాకాలంలో. లావుపాటి మనిషి. లిఫ్టు చెడిపోయి ఉంది. మూడో అంతస్తుకి ఎక్కేసరికి ఆయనకి ఊపిరి ఆడలేదు. జేబురుమాలుతో మెడ తుడుచుకుంటూ రిజిస్టరు అడిగాడు. అక్క లేచి, గలీబు తీసి, రిజిస్టరు దులిపి చేతికిచ్చింది. ఆయన పేజీలు తిప్పాడు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తెల్లగా ఉంది.

"ఒక్క సంతకం లేదేంటమ్మా?"

"ముందు కాస్త కూర్చోండి సార్," అంది అక్క. "ఆయాసపడుతున్నారు."

ఆయన అటు ఇటు చూసి, స్టూలు మీద కూలబడ్డాడు. ఒకామె మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆయన గ్లాసెడూ తాగి, కళ్లు మూసుకుని, కాళ్లు చాపుకున్నాడు. పరదాల కట్టల మధ్య చల్లగా ఉంది. ఆరుగురూ చుట్టూ నిలబడి ఎదురుచూశారు. పావుగంట గడిచాక ఆయన కళ్లు తెరిచి లేవబోయాడు. లేవడానికి స్టూలు అంచూ, మంచం కోడూ రెండూ పట్టుకోవాల్సి వచ్చింది.

అక్క పెన్ను మూత తీసి, రిజిస్టరు మొదటి పేజీ తెరిచి ఆయన ముందు పెట్టింది.

"సమయం కూడా వెయ్యాలి సార్," అంది. "ఇక్కడ కూర్చున్నది. ఇక్కడ లేచింది."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత గడియారం చూసుకుని, రెండు గళ్లూ నింపి, సంతకం పెట్టాడు. తన పుస్తకంలో మాత్రం "పట్టిక వాడుకలో ఉన్నది" అని రాసుకుని, రెయిలింగు పట్టుకుని మెల్లగా మెట్లు దిగిపోయాడు. కింద ఆఖరి మెట్టు దాటిన చప్పుడు వినిపించాక, అక్క రిజిస్టరు మూసి స్టూలు మీద వేసి, పక్కనున్నామెతో "నీ వంతు," అంది.